స్ప్రింగ్ ఎక్స్‌ఎంఎల్: పేరెంట్ బీన్‌లో పెట్టిన హైబర్నేట్ ప్రాపర్టీలు చైల్డ్‌కి రావట్లేదు

ప్రశ్న:
నమస్కారమండీ. పాత బిల్లింగ్ ప్రాజెక్టు నా చేతికొచ్చి రెండు నెలలైంది. అది స్ప్రింగ్ అనే జావా ఫ్రేమ్‌వర్క్ మీద నడుస్తుంది, డేటాబేస్ పని హైబర్నేట్ అనే లైబ్రరీ చూస్తుంది. సెట్టింగులు రాసే ఎక్స్‌ఎంఎల్‌లో మూడు సెషన్ ఫ్యాక్టరీలు (హైబర్నేట్‌కి డేటాబేస్ సెషన్లు తయారుచేసిచ్చేవి), మూడింట్లోనూ అవే పదిహేను లైన్లు. ఒకచోట మార్చి ఇంకోచోట మర్చిపోవడం మామూలైపోయింది. అందుకని ఉమ్మడివన్నీ 'బేస్ ఫ్యాక్టరీ' అనే బీన్‌లోకి (స్ప్రింగ్ కట్టి నడిపే ఆబ్జెక్టుని బీన్ అంటారు) తెచ్చి, అందులోవి చైల్డ్‌లకి వస్తాయని మూడింటికీ దాన్నే పేరెంట్‌గా ఇచ్చాను. రెండు బాగున్నాయి. మూడోదానికి మాత్రం, లాగ్‌లో క్వెరీలు కనపడాలని, హైబర్నేట్ ప్రాపర్టీస్‌లో 'షో ఎస్‌క్యూఎల్' ఒక్క లైను కలిపాను. ఎర్రర్ లేదు, కానీ 6 నిమిషాల్లో అయ్యే రాత్రి లోడింగ్‌కి 40 నిమిషాలు పట్టింది. పేరెంట్‌లో బ్యాచ్ సైజ్ (డేటాబేస్‌కి ఒకేసారి ఎన్ని ఇన్సర్ట్‌లు పంపాలో చెప్పేది) 50 ఉంది కదా, ఎటు పోయింది? మూడు రోజులుగా ఇదే టెన్షన్.

జవాబు 1:
మీరు కలపలేదండీ, మొత్తం మార్చేశారు. స్ప్రింగ్‌కి 'హైబర్నేట్ ప్రాపర్టీస్' అనేది ఒకే ప్రాపర్టీ. చైల్డ్‌లో దానికి విలువ ఇచ్చారంటే పేరెంట్‌లోది పూర్తిగా పోతుంది, లోపల ఎన్ని లైన్లున్నా సరే. బ్యాచ్ సైజ్ లేకపోతే ఇన్సర్ట్‌లు ఒక్కొక్కటిగా వెళ్తాయి, అందుకే ఆ 40 నిమిషాలు. చైల్డ్‌లోని ప్రాప్స్ ట్యాగ్‌కి మెర్జ్ ట్రూ అని పెట్టండి, అప్పుడు పేరెంట్‌లోవీ చైల్డ్‌లోవీ కలుస్తాయి. పేరెంట్‌లో పెడితే ఏ ఉపయోగమూ ఉండదు. ఒకే కీ రెండు చోట్లా ఉంటే చైల్డ్ విలువే నిలుస్తుంది. లిస్ట్, సెట్, మ్యాప్‌లకీ ఇదే పద్ధతి.

జవాబు 2:
బేస్ ఫ్యాక్టరీకి అబ్‌స్ట్రాక్ట్ ట్రూ (ఇది నమూనా మాత్రమే, కట్టొద్దు అని చెప్పేది) పెట్టారా? లేకపోతే అప్లికేషన్ స్టార్ట్ అయ్యేటప్పుడు దాన్ని కూడా నాలుగో ఫ్యాక్టరీగా కట్టబోతుంది. ఇంకోటి, లేజీ ఇనిట్ (అవసరమైనప్పుడే కట్టడం), డిపెండ్స్ ఆన్ (దీనికంటే ముందు ఏ బీన్ కట్టాలో చెప్పడం), ఆటోవైర్ (కావాల్సిన బీన్లని స్ప్రింగే వెతికి జతచేయడం) ఈ మూడూ పేరెంట్ నుంచి రావు. చైల్డ్‌లో రాసిందే లెక్క. డిపెండ్స్ ఆన్ విషయంలో నేను రెండు రోజులు పోగొట్టుకున్నాను, అందుకే ఇంతగా చెబుతున్నాను.

జవాబు 3:
ఎప్పటికైనా జావా కాన్ఫిగ్‌కి (ఎక్స్‌ఎంఎల్ బదులు జావా కోడ్‌లోనే సెట్టింగులు రాయడం) మారితే బేస్ క్లాస్ జోలికి వెళ్లకండి. ఉమ్మడి ప్రాపర్టీలు తిరిగిచ్చే మామూలు మెథడ్ ఒకటి రాసి, ప్రతి బీన్ మెథడ్‌లోనూ దాన్ని పిలిచి, కావాల్సినవి పైన కలుపుకుంటే చాలు. ఏది ఎక్కడినుంచి వచ్చిందో చదివినవాళ్లకి వెంటనే తెలుస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
మెర్జ్ పెట్టాను, రాత్రి లోడింగ్ మళ్లీ 6 నిమిషాలకొచ్చింది. అబ్‌స్ట్రాక్ట్ నిజంగానే పెట్టలేదు, లాగ్ చూస్తే నాలుగు ఫ్యాక్టరీలు కడుతోంది! అదీ సరిచేశాను. డిపెండ్స్ ఆన్ కూడా పేరెంట్‌లోనే రాశాను, ఇప్పుడే మూడు చైల్డ్‌లలోకి మారుస్తున్నాను. ముగ్గురికీ చాలా థాంక్సండీ.