అప్‌డేట్: అమ్మ మోకాళ్ల గుజ్జు సంగతి

మెట్లు దిగుతుంటే అమ్మ మోకాళ్లు కరకరమంటున్నాయి, అరిగిన గుజ్జు మళ్లీ పెరుగుతుందా అని పోయిన నెల అడిగాను కదా. కూకట్‌పల్లిలో ఎముకల డాక్టర్‌కు చూపించాం. నిలబెట్టి ఎక్స్‌రే తీశారు. అందులో మృదులాస్థి, అంటే మనం గుజ్జు అనేది, కనపడదట. ఎముకల మధ్య సందు ఎంత తగ్గిందో చూసి అరుగుదల అంచనా వేస్తారు. ఆస్టియో ఆర్థరైటిస్, అంటే కీళ్ల అరుగుదల జబ్బు, అని తేల్చారు. మృదులాస్థికి రక్తనాళాలు ఉండవు కాబట్టి అరిగింది తనంతట తాను పూడదన్నారు. అంతకుముందు ఒకచోట 'గుజ్జు పెంచే' పొడి అంటగట్టి నాలుగు వేలు లాగారు, ఆ మంట నాకింకా తగ్గలేదు!

ఆపరేషన్ ఇప్పుడే వద్దట. తొడ కండరాలకు వ్యాయామం, బరువు తగ్గడం, బాసింపట్టు మానేయడం. మూడు వారాలకు నొప్పి కాస్త నయం, చప్పుడు మాత్రం అలాగే ఉంది. పూజ కుర్చీలో కూర్చుని చేసుకోమని అమ్మను ఒప్పించడానికే వారం పట్టింది.