బీఈడీ అయిపోతోంది, డెమోలో తడబడ్డాను: ప్రైవేటు స్కూలా, డీఎస్సీ కోచింగా?

లెక్కలమ్మాయి:
అందరికీ నమస్తే. మాది పార్వతీపురం దగ్గర పల్లె. బీఎస్సీ ఎంపీసీ చేశాను, బీఈడీ ఆఖరి సెమిస్టర్ పరీక్షలు ఇంకో రెండున్నాయి. నాన్నేమో అవనిగడ్డ వెళ్లి డీఎస్సీకి (ప్రభుత్వ టీచరు ఉద్యోగాల పరీక్షకి) కోచింగ్ తీసుకో, డబ్బులు నేను చూసుకుంటా అంటున్నారు. అమ్మ మాత్రం జూన్ 12న బడులు తెరిచేసరికి ఎక్కడో ఒకచోట చేరిపొమ్మంటోంది. పోయిన వారం ఒక స్కూల్లో డెమోకి వెళ్లాను. ఆరో తరగతి భిన్నాల కూడిక చెప్పమన్నారు. బోర్డు మీద 1/2 + 1/3 రాశానో లేదో, వెనక బెంచీలో పిల్లలా కూర్చున్న టీచరు ఒకావిడ లేచి "మేడమ్, 2/5 కదా" అంది. "కాదు, తప్పు, ఎల్‌సీఎం తీసుకోవాలి" అనేసి గబగబా లెక్క చేసేశాను. పది నిమిషాల డెమో నాలుగు నిమిషాల్లో అయిపోయింది. పైగా చేరితే పదో తరగతి మెమో ఒరిజినల్ వాళ్ల దగ్గరే ఉంచాలట. ఏం చేయాలో తోచడం లేదు, కొంచెం చెప్పండి.

పాత సుద్దముక్క:
అమ్మా, ముందు ఆ డెమో సంగతి. ఆవిడ 2/5 అన్నది నిన్ను ఇరికించడానికి కాదు, ఆరో తరగతిలో సగం మంది అదే చెప్తారు. పైవి పైవి, కిందవి కిందవి కలిపేస్తారు. నువ్వు చెప్పిన జవాబు ఒప్పే, కానీ వాళ్లు చూసేది పిల్లాడి తప్పుని నువ్వు ఎలా పట్టుకున్నావన్నది. "సరే, 2/5 సగం కంటే ఎక్కువా తక్కువా?" అని అడిగి ఉండాల్సింది. తక్కువే కదా. సగానికి ఇంకొంచెం కలిపితే సగం కంటే తగ్గుతుందా అని అడిగి ఊరుకో, వాడే తల గోక్కుని కూర్చుంటాడు. అప్పుడు ఎల్‌సీఎం తియ్యి. నేను ఇరవై ఏళ్లుగా డెమోలు చూస్తున్నాను, బోర్డు వైపు తిరిగి మాట్లాడేవాళ్లే ఎక్కువ పోతారు, సబ్జెక్టు రాక పోయేవాళ్లు తక్కువ.

ఒరిజినల్స్ మాత్రం ఇవ్వొద్దు. జిరాక్సులు ఇస్తాను, ఒరిజినల్స్ చూసుకుని వెంటనే ఇచ్చేయండని మర్యాదగా చెప్పు. ఒప్పుకోకపోతే ఆ స్కూలు నీకొద్దు.

కరీంనగర్ అన్న:
కోచింగ్ గురించి చెప్తా చెల్లీ. మా తెలంగాణల 2017 టీఆర్‌టీ (డీఎస్సీ లాంటి పరీక్షే) తర్వాత 2023లో 5,089 పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చి రద్దు చేసిన్రు, మళ్లీ 2024లో 11,062 పోస్టులకు ఇచ్చిన్రు. మీ ఆంధ్రాలో కూడా 2018 తర్వాత పెద్ద డీఎస్సీ పరీక్ష జరిగింది 2025లోనే, 16,347 పోస్టులకు. ఆ మధ్య ఏళ్లన్నీ రూమ్ కిరాయి కట్టుకుంట కూర్చున్న దోస్తులు నాకున్నరు. కోచింగ్ వద్దనను గానీ నోటిఫికేషన్ రాకముందే ఇల్లు వదలకు. ముందు టెట్ రాయి, అది టీచర్ అర్హత పరీక్ష. 150 ప్రశ్నలు, రెండున్నర గంటలు, నెగిటివ్ మార్కులు లేవు. నీకు పేపర్ 2, గణితం-సైన్స్. ఓసీకి 90, బీసీకి 75 వస్తే పాస్, కానీ పాస్ అయితే చాలు అనుకోకు, డీఎస్సీ ర్యాంకుల టెట్‌కి 20 శాతం వెయిటేజీ ఉంటది. ఒక్కసారి పాసైతే సర్టిఫికెట్ జీవితాంతం చెల్లుతది, మార్కులు పెంచుకోవాలంటే మళ్లీ రాసుకోవచ్చు.

ఇంకోటి, బీఈడీతో ఎస్జీటీ, అంటే ప్రైమరీ టీచర్ పోస్టు గురించి ఆశ పెట్టుకోకు. 2023లో సుప్రీంకోర్టు చెప్పినంక ప్రైమరీకి డీఈడీ వాళ్లే.

గుంటూరు టీచరమ్మ:
పైన అన్నవాళ్లు చెప్పినదంతా నిజమే, ఒక్కటి కలుపుతాను. చేరేముందు జీతం ఒక్కటే అడిగి వచ్చేయకండి. ఎండాకాలం అడ్మిషన్ల కోసం ఇంటింటికీ తిప్పుతారా, మే నెల జీతం ఇస్తారా, రోజుకి ఎన్ని పీరియడ్లు, స్టడీ అవర్ ఎవరిది, ఇవి అడగండి. నేను మొదటి ఏడాది ఏమీ అడగలేదు. చేరకముందే ఎర్రటి ఎండలో కరపత్రాలు పట్టుకుని పదిహేను రోజులు తిరిగాను, "ఎంతమందిని తెచ్చారు మేడమ్" అని సాయంత్రం లెక్క చెప్పించుకునేవారు. అయినా ఆ బడిలోనే పాఠం చెప్పడం నేర్చుకున్నాను, అది ఏ కోచింగ్‌లోనూ రాదు. రోజూ చెప్పే పాఠాలే డీఎస్సీ కంటెంట్‌కి సగం పనికొచ్చాయి. సాయంత్రం ఏడు దాకా ఉంచే స్కూల్లో చేరితే మాత్రం చదవడానికి ఓపిక మిగలదు, అది చూసుకోండి.

లెక్కలమ్మాయి:
అందరికీ చాలా థాంక్స్ అండీ. నాన్నతో మాట్లాడాను, నోటిఫికేషన్ వచ్చాకే అవనిగడ్డ అన్నారు. ఎల్లుండి ఇంకో స్కూల్లో డెమో ఉంది, టాపిక్ నా ఇష్టమే అన్నారు, మళ్లీ భిన్నాలే చెప్దామని మొండిగా కూర్చున్నాను. కాగితం మడిచి చూపిద్దామనుకుంటే మూడు సమాన మడతలు ఎన్నిసార్లు మడిచినా సరిగ్గా రావడం లేదు, పొద్దున్నుంచి నోట్‌బుక్ సగం చించేశాను.

పాత సుద్దముక్క:
మడవడం ఎందుకమ్మా, బోర్డు మీద ఆరు గళ్లు గియ్యి. సగమంటే ఎన్ని గళ్లో, మూడో వంతంటే ఎన్ని గళ్లో పిల్లల్నే చెప్పమను. మూడు, రెండు, మొత్తం ఐదు గళ్లు. ఆరే ఎందుకు గీశారు మేడమ్ అని వెనక బెంచీ నుంచి ఎవరైనా అడిగితే, అప్పుడు చెప్పు నీ ఎల్‌సీఎం.