బెంగళూరులో పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేసే పని ఎలా దొరుకుతుంది?

ప్రశ్న: గుంటూరు నుంచి ఈ నెలే బెంగళూరు వచ్చాను. బొమ్మలు బాగా వేస్తాను. పుస్తకాల పని కావాలి. పెద్దలు దారి చెప్పండి.

జవాబు: ముందు పోర్ట్‌ఫోలియో, అంటే చూపించుకునే బొమ్మల కట్ట, సరిచేసుకోండమ్మా. విడివిడి బొమ్మలు ఇరవై పెట్టినా ఎడిటరుకు కావలసింది కనబడదు. ఒకే పాప పరిగెత్తుతూ, అలిగి, వెనక్కి తిరిగి, అమ్మ చంకలో కనబడాలి. మూడో బొమ్మలోని ముక్కు ఎనిమిదో బొమ్మలో మారిందంటే పని రాదు. చిన్న కథ తీసుకుని వరసగా మూడు స్ప్రెడ్‌లు (ఎదురెదురు పేజీల జతలు) రంగులతో పూర్తిచేసి, వాటి పెన్సిల్ రఫ్‌లు (రంగు వేయకముందు గీసే చిత్తు బొమ్మలు) కూడా జతచేయండి.

ఇక్కడ పిల్లల పుస్తకాలు వేసే ప్రథమ్ బుక్స్ ఉంది. వాళ్ల స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగు పుస్తకాలు ఉచితంగా చూడొచ్చు. చెన్నైలో తూలిక, తారా బుక్స్, కరాడి టేల్స్ అనే ప్రచురణ సంస్థలు ఉన్నాయి. తారా వాళ్లది చేత్తో స్క్రీన్ ప్రింట్ చేసే పుస్తకాలకు, జానపద, గిరిజన చిత్రకళకు పేరు. కరాడి ఆడియో కథలతో మొదలైంది. అందరికీ ఒకే మెయిల్ పంపకండి.

ఇంకో జవాబు: తూలిక ఒకే పుస్తకాన్ని తెలుగు, తమిళంతో కలిపి తొమ్మిది భాషల్లో వేస్తుంది. ఇలాంటి అచ్చులో ఒక్కో రంగుకు ఒక్కో అచ్చు ప్లేటు ఉంటుంది; రంగుల ప్లేట్లు అలాగే ఉంచి, అక్షరాలున్న నలుపు ప్లేటు ఒక్కటే మార్చుకునే పద్ధతి ఉంది. అందుకే బొమ్మలో అక్షరాలు కలిపేయకండి; కిరాణా కొట్టు బోర్డు మీద పేరైనా ఫైల్లో వేరే లేయర్‌లో (విడిగా తీసేయగల పొరలో) ఉండాలి. తెలుగుకి పైన గుడి, కింద ఒత్తు ఉంటాయి కదా, ఇంగ్లీషులో రెండు వరసలు పట్టే చోట మూడింటికి ఖాళీ వదలండి. ఫైలు 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు), సీఎంవైకే (అచ్చుకు వాడే నాలుగు రంగుల పద్ధతి), చుట్టూ 3 మి.మీ. బ్లీడ్ (కోతలో పోయే అదనపు అంచు) ఉండాలి. మొహం నడిమి మడతలో పడితే కన్ను కుట్టులోకి పోతుంది.

మరో జవాబు: రాసుకున్న ఒప్పందం లేకుండా కుంచె పట్టకండి, ఇది గట్టిగా చెబుతున్నాను. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, డబ్బిచ్చి వేయించుకున్న పెయింటింగ్ మీద హక్కు, ఒప్పందంలో వేరేగా రాసుకోకపోతే, వేయించుకున్నవాళ్లదే. మీ హక్కు మీ దగ్గరే ఉంటుందనీ, వాళ్లకు ఏ భాషలకు, ఎన్నేళ్లకు ఇస్తున్నారో కూడా రాయించండి. హక్కు రాసిచ్చే కాగితంలో గడువు లేకపోతే 19వ సెక్షన్ ఐదేళ్లుగా లెక్కిస్తుంది.

స్టోరీవీవర్‌లో వచ్చే బొమ్మలు సీసీ బై (క్రియేటివ్ కామన్స్) అనే బహిరంగ లైసెన్సువి. మీ పేరు చెప్పి ఎవరైనా వాడుకోవచ్చు, అమ్ముకోనూ వచ్చు. ఒప్పుకునే ముందే ఆలోచించండి.

డబ్బు మూడు విడతల్లో అడగండి: మొదలుపెట్టేటప్పుడు, రఫ్‌లు ఒప్పుకున్నాక, ఫైనల్ ఇచ్చాక. రఫ్‌లు బాగున్నాయని మెయిల్లో రాయించుకున్నాకే రంగు మొదలుపెట్టండి. ఆ తర్వాత కథ మారి బొమ్మ మళ్లీ వేయాల్సి వస్తే విడిగా డబ్బివ్వాలని ముందే రాసుకోండి. పాన్ నంబరు బిల్లు మీదే వేయండి, లేకపోతే టీడీఎస్ (వాళ్లు ముందే పట్టుకునే ఆదాయపు పన్ను) 20 శాతం పోతుంది.