వినియోగదారుల విశ్వాస సూచీ చూసి కూలర్ల ఆర్డరు, సిప్ తగ్గించుకోవాలా?

నర్సంపేట షాపు:
నర్సంపేటలో ఫ్యాన్లు, కూలర్లు, ఫ్రిజ్‌లు అమ్మే షాపు నాది. సంక్రాంతి దాటింది, డిస్ట్రిబ్యూటరు కూలర్ల బుకింగుకు అడ్వాన్సు అడుగుతున్నాడు. నిన్న టీవీలో ఆర్‌బీఐ వినియోగదారుల విశ్వాస సూచీ 100 లోపే ఉందని, జనం ఖర్చుకు భయపడుతున్నారని చర్చ పెట్టారు. అప్పటి నుంచి టెన్షన్. బాబు చదువు కోసం మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా సిప్ కూడా కడుతున్నాను. ఆర్డరు తగ్గించాలా? సిప్ ఆపాలా? అసలు ఎవరిని అడిగి ఈ లెక్క తీస్తారు?

హన్మకొండ, రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి:
తమ్మీ, సిప్ మాత్రం ఆపకు. మిగతాది వివరంగా చెబుతాను.

ఆర్‌బీఐ రెండు నెలలకోసారి 19 నగరాల్లో దాదాపు 6 వేల కుటుంబాలను అడుగుతుంది. తెలుగు రాష్ట్రాల నుంచి హైదరాబాద్ ఒక్కటే ఉంది, మన వరంగల్ లేదు. దేశ ఆర్థిక పరిస్థితి, ఉద్యోగాలు, ధరలు, ఆదాయం, ఖర్చు: ఈ ఐదూ ఏడాది కిందటితో పోలిస్తే ఎలా ఉన్నాయి, వచ్చే ఏడాదికి ఎలా ఉంటాయి అని అడుగుతారు. వందలో 30 మంది బాగుపడిందని, 45 మంది దిగజారిందని అంటే తేడా మైనస్ 15. ఐదింటి తేడాల సగటును 100కి కలుపుతారు. అంటే 100 లోపు ఉంటే బాగాలేదన్నవాళ్లు ఎక్కువ. వాళ్ల చేతిలో ఎంత డబ్బుందో అది చెప్పదు.

ఇంకో చిక్కుంది, దీన్ని చాలామంది పట్టించుకోరు. ఖర్చు పెరిగిందన్న జవాబు సూచీని పైకి లాగుతుంది. నూనె, పప్పు ధరలు పెరిగి ఖర్చు పెరిగినా అది పెరుగుదలే. అందుకే నీలాంటి వ్యాపారి మొత్తం అంకె వదిలేసి, అత్యవసరం కాని ఖర్చుల గురించి జనం ఏమన్నారో చూడాలి. ఆ వివరం ఆర్‌బీఐ విడిగా ఇస్తుంది. కూలరు, ఫ్రిజ్ అందులోకే వస్తాయి.

ఇక షేర్ మార్కెట్. 2021 మేలో, కరోనా రెండో వేవ్‌లో, ఏడాది కిందటితో పోల్చి చెప్పే ప్రస్తుత పరిస్థితి సూచీ 48.5కి పడిపోయింది. అదే నెలాఖరుకు షేర్ల సూచీ నిఫ్టీ కొత్త గరిష్ఠానికి చేరింది! అమెరికాలో మిషిగన్ యూనివర్సిటీ 1940ల నుంచి ఇలాంటి సర్వే చేస్తోంది. 2022 జూన్‌లో అది 50కి పడింది. ధరల మీద మండిపడుతూనే అక్కడి జనం కొనడం మానలేదు. అలాగని దీన్ని తీసిపారేయలేం. మన జీడీపీలో దాదాపు 60 శాతం ఇళ్లలో పెట్టే ఖర్చే. ఉద్యోగం మీద నమ్మకం పోతే జనం ముందు వాయిదా వేసేది బండి, ఫ్రిజ్. ఒక నెల అంకె చూసి బెదిరిపోవద్దు, వరసగా మూడు నాలుగు సర్వేలు ఎటు పోతున్నాయో చూడు. పిల్లాడి చదువుకు దాచే డబ్బు ఈ అంకె చూసి ఆపడం మాత్రం నేను ఒప్పుకోను.

పరకాల మిర్చి రైతు:
అన్నా, నీ దగ్గర కొనేది మాలాంటి వాళ్లమే కదా. మా ఇంట్లో పత్తి డబ్బు అప్పులకు, పురుగుమందుల షాపు ఉద్దెరకే పోతుంది. వస్తువు కొనాలంటే మిర్చి డబ్బు రావాలి. నువ్వు వరంగల్ ఎనుమాముల మార్కెట్ చూడు. కానీ పేపర్లో వచ్చే జెండా పాట చూసి ఆర్డరు పెట్టకు. అది మేలు రకం రాశికి పలికిన ధర. తేమ ఉందని, రంగు పోయిన తాలు కాయ కలిసిందని మిగతా బస్తాలు చాలా తక్కువకు పోతాయి. మీ దగ్గరి ఊళ్ల రైతులకు ఎంత పడిందో అడుగు. సరుకు అమ్మకుండా కోల్డ్ స్టోరేజీలో పెట్టుకున్నారా అన్నది కూడా అడుగు. అలా పెట్టుకుంటే డబ్బు ఎండాకాలంలోపు చేతికి రాదు.

నర్సంపేట షాపు:
సార్, అన్నా, ఇద్దరికీ చాలా థాంక్స్. సిప్ కొనసాగిస్తా. కూలర్లు సగం ఇప్పుడు బుక్ చేసి, మిగతావి మార్చిలో మిర్చి డబ్బు చూసి చెబుతానని డిస్ట్రిబ్యూటరును అడుగుతా. సార్, పల్లెలను అడిగే సర్వే ఏదైనా ఉందా?

హన్మకొండ, రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి:
ఉంది తమ్మీ. పల్లెలు, చిన్న పట్టణాల సర్వే ఫలితాలను కూడా ఆర్‌బీఐ ఇప్పుడు వెబ్‌సైట్‌లో పెడుతోంది. నీకు నగరాల అంకె కన్నా అదే పనికొస్తుంది. అందులోనూ ముందు ఆదాయం గురించి ఏమన్నారో చదువు.