ఏడాదిన్నర బాబు, నాలుగున్నరేళ్ళ పాపతో సంక్రాంతికి స్విట్జర్లాండ్ మంచుకు వెళ్ళొచ్చా?

మణికొండ అమ్మ

అందరికీ నమస్కారం. రెండు వారాలుగా మా ఇంట్లో ఇదే గొడవ, ఎంతకీ తేలడం లేదు. పాపకి నాలుగున్నరేళ్ళు, ఎల్‌కేజీ. బాబుకి ఏడాదిన్నర. మంచు చూడాలని మావారికి చిన్నప్పటి నుంచీ కోరిక. మూడేళ్ళుగా ఇద్దరం జీతాల్లోంచి కొంచెం కొంచెం దాచి పెట్టుకున్నాం. జనవరిలో సంక్రాంతి సెలవుల్లో ఎనిమిది రోజులు వెళ్దామని ఆయన ప్లాన్. జూరిక్‌లో దిగి, ఇంటర్‌లాకెన్ దగ్గర ఉండి, యుంగ్‌ఫ్రౌయోక్, టిట్లిస్ అనే మంచు కొండలెక్కి, లూసెర్న్ ఊరు చూసి రావాలి.

అత్తయ్యగారు ససేమిరా వద్దంటున్నారు. "ఆ చలికి పసిపిల్లల్ని తీసుకెళ్ళి ఏం చూపిస్తారు? పెద్దయ్యాక ఒక్కటీ గుర్తుండదు. పండక్కి ఊరు రాకుండా అక్కడెక్కడో కూర్చుంటారా?" అన్నారు. మా అమ్మేమో ఓపిక ఉన్నప్పుడే వెళ్ళండి అంటోంది. నాకైతే రెండు మాటలూ నిజమే అనిపిస్తున్నాయి. హైదరాబాద్‌లో తెల్లవారుజామున 14 డిగ్రీలకు పడిపోతేనే బాబుకి ముక్కు కారడం మొదలవుతుంది. అక్కడ మైనస్‌లో ఏమవుతాడో అని టెన్షన్‌గా ఉంది.

స్విట్జర్లాండ్‌కి కావాల్సిన షెంగెన్ వీసాకి పెద్దవాళ్ళకి తలా 90 యూరోలు, ఆరేళ్ళ లోపు పిల్లలకి ఫీజు లేదు. ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలకి ఉండాలి. ఇవన్నీ కనుక్కున్నాను. నాకు కావాల్సింది వెళ్ళొచ్చినవాళ్ళ మాట. వెళ్ళాలా, ఆగాలా?

ఉప్పల్ నాన్న

ఆగండి అనే చెబుతాను. మేం పాప మూడేళ్ళప్పుడు వెళ్ళాం. డబ్బు చాలక పర్సనల్ లోన్ తీసుకున్నాం. ఎనిమిది రోజుల ట్రిప్‌కి ఇరవై నాలుగు నెలలు ఈఎంఐ కట్టాను. మధ్యలో నాన్నకి కంటి ఆపరేషన్ వచ్చింది, అప్పుడు చేతిలో పైసా లేదు. ఆ బాధ నాకు ఇంకా పోలేదు. మీది దాచుకున్న డబ్బు కాబట్టి మీ సంగతి వేరు. కానీ ఇది చదివేవాళ్ళలో ఎవరైనా అప్పు చేసి వెళ్దామనుకుంటుంటే దయచేసి వద్దు. విదేశీ ప్యాకేజీ కొంటే టీసీఎస్ అని కొంత పన్ను ముందే పట్టుకుంటారు. ఐటీ రిటర్న్ వేశాక సర్దుబాటవుతుంది గానీ, కట్టే రోజున అది కూడా మన చేతిలోంచి వెళ్ళాల్సిందే. లెక్కలో వేసుకోండి.

తార్నాక

మంచు చూడటానికి స్విట్జర్లాండే ఎందుకండీ? కాశ్మీర్‌లో గుల్మార్గ్ లేదా? వీసా అక్కర్లేదు, అన్నం దొరుకుతుంది, ఖర్చు మూడో వంతు కూడా కాదు. మనాలీ వైపు అటల్ టన్నెల్ దాటితే సిస్సూలో కూడా మంచే. పిల్లలకి తెల్లగా ఉంటే చాలు, అది ఏ దేశమో వాళ్ళకి పట్టదు.

నల్లగండ్ల

మణికొండ అక్కా, మేం పోయిన డిసెంబర్‌లో సరిగ్గా మీలాగే వెళ్ళాం. పాపకి అయిదు, బాబుకి ఇరవై నెలలు. నలుగురికీ ఏడు లక్షల నలభై వేలు అయింది. అందుకే జరిగింది జరిగినట్టు చెబుతాను.

కొండ కింది ఊరు గ్రిండెల్‌వాల్డ్‌లో చిన్న ఫ్లాట్ తీసుకున్నాం. రెండో రోజే యుంగ్‌ఫ్రౌయోక్ ఎక్కాం. కేబుల్ కారు పావుగంటలో ఐగర్‌గ్లెచర్ స్టేషన్ దాకా లేపేస్తుంది. అక్కడి నుంచి కొండ లోపలి సొరంగంలో రైలు. వెయ్యి మీటర్ల దగ్గర ఇడ్లీలు తిని బయల్దేరినవాళ్ళం, గంటలోపే 3,454 మీటర్ల ఎత్తున ఉన్నాం. పెద్దవాళ్ళం మాకే తల తేలికైనట్టు అనిపించింది. పాప పది నిమిషాలు గెంతింది, తర్వాత నేల మీద కూలబడి "ఇంటికి పోదాం" అంది. వాంతి చేసుకుంది. మంచు మైదానం వైపు తిరిగి కూడా చూడలేదు.

అదే సమయంలో బాబు వాళ్ళ నాన్న ఛాతీకి కట్టిన క్యారియర్‌లో ఉన్నాడు. ఒక చేతి మిట్టెన్ (చలి తొడుగు) ఎప్పుడు జారిపోయిందో ఇద్దరం చూసుకోలేదు. చూసేసరికి వేళ్ళు పాలిపోయి మైనంలా ఉన్నాయి. నేను గబగబా రుద్దబోయాను. పక్కనున్న ఒక పెద్దావిడ నా చెయ్యి పట్టుకుని ఆపి, మావారి జాకెట్ జిప్పు తీయించి, వాడి చెయ్యి ఆయన చంకలో పెట్టించింది. పది నిమిషాలకి ఎర్రబడింది, వాడు ఏడ్చాడు. వాడు ఏడుస్తుంటే నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ రోజు కిందికి దిగేదాకా నేను మాట్లాడలేకపోయాను.

ఆ సాయంత్రమే టిట్లిస్, లూసెర్న్ రెండూ ప్లాన్‌లోంచి కొట్టేశాం. మిగిలిన అయిదు రోజులు ఊరు కదల్లేదు. ఫ్లాట్ వెనక చిన్న వాలు ఉంది. మంచు మీద కూర్చుని జారే చెక్క స్లెడ్జి ఒకటి అద్దెకు తీసుకున్నాం. ముప్పావుగంట బయట, గంటన్నర లోపల, మళ్ళీ ముప్పావుగంట బయట. ఇద్దరికీ బట్టలు తొడగడానికే ప్రతిసారీ ఇరవై అయిదు నిమిషాలు పట్టేది. రాత్రి కుక్కర్‌లో అన్నం, చారు. ఒక రోజు పొద్దున లేచేసరికి కిటికీ గట్టంతా కొత్త మంచు. పాప దాని మీద వేలితో తన పేరు రాసింది. ఎల్‌కేజీలో నేర్చుకున్న అక్షరాలు, "ర" తలకట్టు కూడా పెట్టింది.

ఇప్పుడు అడిగితే దానికి పర్వతం గుర్తు లేదు. స్లెడ్జి మీంచి నాన్న దొర్లి పడటం, కిటికీ మీద పేరు, ఈ రెండే చెబుతుంది. బాబుకి ఏమీ ఉండదు, తెలుసు. నాకు మాత్రం ఉంది. అందుకే నా మాట: వెళ్ళండి, కానీ మీరు రాసిన ఆ ప్లాన్‌తో వెళ్ళకండి. అది ఇద్దరు పెద్దవాళ్ళ ప్లాన్.

రేగుపళ్ళు

మణికొండ అమ్మాయీ, నేను మీ అత్తగారి వయసుదాన్ని. వనస్థలిపురంలో కొడుకు దగ్గర ఉంటాను, సొంతూరు పాలకొల్లు దగ్గర. మీ అత్తగారు చలి అంటోంది గానీ, ఆవిడ మనసులో ఉన్నది చలి కాదమ్మా.

భోగి రోజు సాయంత్రం పిల్లల్ని పీట మీద కూర్చోబెట్టి రేగుపళ్ళు, చెరకు ముక్కలు, చిల్లర, బంతిపూల రేకలు కలిపి తల మీద పోస్తాం. మా వైపు అది అయిదేళ్ళ దాకానే. తర్వాత పొయ్యరు. మీ పాపకి నాలుగున్నర అన్నావు. ఈ భోగి దాటి ఆపై భోగికి ఆరో ఏడు నడుస్తుంటుంది. అంటే మీ అత్తగారు ఇద్దరు మనవల్నీ పక్కపక్కన కూర్చోబెట్టి భోగిపళ్ళు పొయ్యగలిగే ఏడాది ఇక ఇదొక్కటే. ఆల్ప్స్ మంచు పిల్లలు పెద్దయ్యాక కూడా అక్కడే ఉంటుంది. భోగిపళ్ళు అలా కాదు.

మా పెద్దవాడు దుబాయ్‌లో ఉన్నప్పుడు మనవరాలికి ఆ అయిదేళ్ళూ అలాగే గడిచిపోయాయి. వీడియోలో చూశాను. వీడియోలో పళ్ళు పొయ్యలేం కదా తల్లీ.

గుర్తుండదు అనే మాట మాత్రం నేను ఒప్పుకోను. గుర్తుండదని భోగిపళ్ళు మానేస్తామా, అన్నప్రాసన మానేస్తామా? పిల్లలకి చేసేవన్నీ వాళ్ళకి గుర్తుండాలని చెయ్యం.

పిల్లల డాక్టర్, హిమాయత్‌నగర్

ఇక్కడ రెండు భయాలు కలిసిపోతున్నాయి, వాటిని విడదీస్తాను. చలి వల్ల జలుబు రాదు, వైరస్ వల్ల వస్తుంది. 14 డిగ్రీలకు ముక్కు కారే బాబు మైనస్ 5లో పడిపోతాడని లెక్క లేదు. విమానంలో, హోటల్ లాబీలో పదిమంది మధ్య అంటుకునేది అంటుకుంటుంది.

అసలు జాగ్రత్త పడాల్సింది ఒంటి వేడి గురించి. బరువుతో పోలిస్తే పసిపిల్లలకి చర్మం విస్తీర్ణం ఎక్కువ, కాబట్టి వేడి త్వరగా పోతుంది. పరుగెత్తే పాప తన వేడి తను పుట్టించుకుంటుంది. క్యారియర్‌లోనో స్ట్రోలర్‌లోనో కదలకుండా ఉన్న బాబు పుట్టించుకోలేడు. మీకు వెచ్చగా ఉందని వాడికీ ఉంటుందనుకోకండి. మీరు వేసుకున్నదానికంటే ఒక పొర ఎక్కువ వెయ్యండి. చర్మానికి తగిలే పొర కాటన్ అవ్వకూడదు. చెమటకి తడిస్తే అది ఆరదు, తడిస్తే ఒళ్ళు చల్లబడుతుంది. ఉన్ని లేదా థర్మల్, దాని పైన ఫ్లీస్, ఆ పైన నీరు, గాలి దూరని జాకెట్. చేతులు చల్లగా ఉన్నాయా అని చూడకండి, మెడ వెనక వేలు పెట్టి చూడండి. నల్లగండ్ల గారిని ఆపిన పెద్దావిడ చేసింది నూటికి నూరు పాళ్ళు సరైన పని. గడ్డకట్టే వేళ్ళని రుద్దితే కణజాలం దెబ్బతింటుంది.

ఎత్తు విషయంలో నేను గట్టిగానే చెబుతాను. 2,500 మీటర్లు దాటితే ఎవరికైనా ఎత్తు జబ్బు రావచ్చు. పెద్దవాళ్ళు తలనొప్పి అని చెబుతారు, ఏడాదిన్నర బాబు చెప్పలేడు. ఊరికే చిరాకు పడతాడు, తినడు, వాంతి చేసుకుంటాడు. మనం నిద్ర చాలలేదనుకుంటాం. పిల్లాడు అలా ఉంటే ఫొటో ఆపి వెంటనే కిందికి దిగండి. ఇంకొకటి, తెల్లటి మంచు ఎండని తిరిగి కళ్ళలోకి కొడుతుంది, అతినీల కిరణాల్లో 80 శాతం దాకా. నల్లకళ్ళజోడు ఇద్దరికీ తప్పనిసరి.

తార్నాక గారూ, గుల్మార్గ్ ఊరే సుమారు 2,650 మీటర్ల ఎత్తున ఉంది. గ్రిండెల్‌వాల్డ్ 1,034. దగ్గర కదా అని గుల్మార్గ్ తేలిక అనుకోకండి.

తార్నాక

డాక్టర్ గారూ, ఎత్తు సంగతి నాకు తెలియదు, ఒప్పుకుంటున్నాను. అయితే శ్రీనగర్‌లో ఉండి, పగలు వెళ్ళి వస్తే సరిపోతుంది కదా అని నా ఉద్దేశం. మంచు మాత్రం అక్కడా రాసిచ్చినట్టు పడదు. 2024 జనవరిలో గుల్మార్గ్‌లో మంచే లేక నేలంతా గోధుమరంగులో కనిపించింది. మా అన్నావాళ్ళు టికెట్లు కొనుక్కుని వెళ్ళి, చిల్లై కలాన్ అనే గడ్డు చలి రోజుల నడుమ ఎండలో కూర్చుని వచ్చారు. గదిలో బొగ్గు కుంపటి పెట్టుకుని తలుపులు బిగించి పడుకోవడం కూడా ప్రమాదమే, అక్కడికి వెళ్ళేవాళ్ళు గుర్తుంచుకోండి.

ఓస్లో నుంచి తిరిగొచ్చాం

మేం మూడేళ్ళు నార్వేలో ఉండి ఇప్పుడు కొండాపూర్‌లో స్థిరపడ్డాం. చలికి పిల్లలు తట్టుకోలేరు అనే మాటకి నా జవాబు: అక్కడ పసిపిల్లల్ని చలికాలంలో కూడా స్ట్రోలర్‌లో బయటే నిద్రపుచ్చుతారు. బాలవాడి పిల్లలు మంచు పడుతున్నా రోజూ బయట ఆడతారు. చెడ్డ వాతావరణం లేదు, చెడ్డ బట్టలే ఉన్నాయి అని వాళ్ళ సామెత. మా పెద్దాడు మొదటి చలికాలం ఏడ్చాడు, రెండో చలికాలం ఇంట్లోకి రానన్నాడు. కానీ ఆ మొదటి చలికాలం అలవాటు పడటానికి వాడికి నెల పట్టింది. మీకున్నది ఎనిమిది రోజులు.

మణికొండ గారూ, ఒక్క మాట అడుగుతాను. ఎల్‌కేజీ పాపకి సంక్రాంతి సెలవులే ఎందుకు? వారం బడి మానేస్తే ఏం పోతుంది? పండక్కి ఊరెళ్ళండి, భోగిపళ్ళు పోయించుకోండి. జనవరి ఇరవై తర్వాత వెళ్ళండి. క్రిస్మస్, కొత్త సంవత్సరం రద్దీ అయిపోయి ఉంటుంది, స్విట్జర్లాండ్ బడి పిల్లల చలికాలం సెలవులు ఎక్కువగా ఫిబ్రవరిలోనే ఉంటాయి. గది అద్దె తగ్గుతుంది, మంచు బాగా పేరుకుని ఉంటుంది. ఇది పండగా మంచా అనే తగవు కాదని నా అభిప్రాయం.

ఉప్పల్ నాన్న

ఈ మాట బాగుంది. పాపకి ఆరేళ్ళు నిండని లోపు వీసా ఫీజు లేదు, అక్కడి రైళ్ళలో టికెట్ కూడా ఉండదు. బాబుకి రెండేళ్ళు నిండకముందే తిరుగు ప్రయాణం కూడా అయ్యేలా చూసుకోండి. మధ్యలో రెండో పుట్టినరోజు వస్తే వచ్చేటప్పుడు సీటు కొనాలి.

రేగుపళ్ళు

అలాగైతే బాబుని మీ అత్తగారి దగ్గర వదిలేసి వెళ్ళమ్మా. ఎనిమిది రోజులు ఆవిడ చూసుకుంటుంది.

నల్లగండ్ల

అమ్మా, క్షమించండి, దీనికి మాత్రం నేను ఒప్పుకోను. ఏడాదిన్నర బాబు ఇంకా రాత్రి తల్లిని వెతుక్కుంటాడు. అందరూ వెళ్ళాలి, లేదా ఎవరూ వెళ్ళకూడదు. వాడి కోసం ప్లాన్ చిన్నది చేసుకుంటే ఆ చిన్న ప్లాన్‌లోనే అందరికీ చోటుంటుంది. మా అయిదు రోజులూ అలాగే గడిచాయి.

మణికొండ అమ్మ

అందరికీ పేరుపేరునా దండాలు. రేగుపళ్ళు అమ్మ రాసింది చదివి నిన్న రాత్రి అత్తయ్యగారికి ఫోన్ చేశాను. చలి మాట ఎత్తకుండా "భోగికి వస్తున్నాం అత్తయ్యా, పిల్లలిద్దరికీ మీరే పళ్ళు పొయ్యాలి" అన్నాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "పాపకి పట్టుపరికిణీ ఉందా, కుట్టించనా?" అని అడిగారు.

మావారు సెలవు జనవరి 22 నుంచి పెట్టారు. యుంగ్‌ఫ్రౌయోక్ తీసేయడానికి మాత్రం ఆయన ఇంకా ఒప్పుకోలేదు. అంత దూరం వెళ్ళి పైకెక్కకపోతే ఎలా అంటున్నారు. నేను పిల్లలతో కింద ఉంటాను, మీరొక్కరే ఒక పూట వెళ్ళి రండి అన్నాను. ఆలోచిస్తానన్నారు. నల్లగండ్ల అక్కా, స్విస్ ట్రావెల్ పాస్ అనే ఆ రైలు పాస్ పైదాకా చెల్లుతుందా? బాబుకి మిట్టెన్లు ఎలాంటివి తీసుకోవాలి? నెయ్యి సీసా పట్టుకెళ్ళొచ్చా?

నల్లగండ్ల

పాస్ కింద ఉన్న గ్రిండెల్‌వాల్డ్, వెంగెన్ ఊళ్ళ దాకానే. ఆ పైకి తగ్గింపు ఉంటుంది గానీ వేరే టికెట్ కొనాలి. నెయ్యి వద్దు, పాల పదార్థాలు బయటి నుంచి తేనివ్వరు. బాబు పాలపొడికి ఫరవాలేదు. మిట్టెన్లు మోచేయి దాకా వచ్చేవి, నీళ్ళు దూరనివి తీసుకోండి. రెండు జతలు. ఒక్కో జతని తాడుతో కలిపి కుట్టి, ఆ తాడు జాకెట్ చేతుల్లోంచి దూర్చండి. జారినా వేలాడుతుంది, పడిపోదు. నేను తిరిగొచ్చాక కుట్టాను.