గేమ్స్ పీరియడ్‌లో లెక్కలు చెప్పడం సబబేనా? (బెంగళూరు తల్లిదండ్రుల చర్చ)

మారతహళ్ళి అమ్మ: మా పాప ఐదో తరగతి. వారానికి రెండే గేమ్స్ పీరియడ్లు. పరీక్షలొస్తే ఆ రెండూ లెక్కల టీచర్‌కే. లేదంటే బేస్‌మెంట్‌లో ట్యూబ్‌లైట్ల కింద ఆటలు. ఈ ఏడాది సైట్ మైనస్ రెండున్నరకి చేరింది. శనివారం పేరెంట్స్ మీటింగ్‌లో అడుగుదాం, ఎవరొస్తారు?

బెళ్ళందూరు నాన్న: లెక్కలు చెప్తే సైట్ వస్తుందా అండీ? మా ఇంట్లో నాకు, మా ఆవిడకి కళ్ళజోళ్ళే. బాబుకీ వచ్చింది. ఇది వంశపారంపర్యం.

వైట్‌ఫీల్డ్ వాసి: ఆటలు తీసేయడం తప్పు. నేనొస్తా.

మారతహళ్ళి అమ్మ: వంశపారంపర్యం కొంతవరకే. చైనాలో గ్వాంగ్‌జౌలో ఒకటో తరగతి పిల్లల్ని స్కూల్లోనే రోజూ 40 నిమిషాలు అదనంగా ఆరుబయట ఉంచి మూడేళ్ళు చూశారు. 2015లో ఫలితాలొచ్చాయి. అలా ఉంచిన స్కూళ్ళలో 30 శాతం మందికి హ్రస్వదృష్టి (మైనస్ సైట్) వస్తే, మిగతా స్కూళ్ళలో 39 శాతానికి పైగా వచ్చింది. వెలుగుని లక్స్‌లలో కొలుస్తారు. క్లాసులో అది కొన్ని వందల లక్స్. బయట చెట్టు నీడలోనూ వేలల్లో ఉంటుంది. ఆ వెలుగుకి రెటీనాలో (కంటి లోపలి పొరలో) డోపమైన్ అనే రసాయనం విడుదలై కనుగుడ్డు పొడవుగా సాగడాన్ని తగ్గిస్తుందని పరిశోధకులు భావిస్తున్నారు.

బెళ్ళందూరు నాన్న: తేడా తొమ్మిది శాతమేగా! దీనికోసం లెక్కల క్లాసు పోగొట్టుకోవాలా? పైగా వచ్చిన సైట్ ఎండలో నిలబెడితే పోదు.

సర్జాపుర పీఈటీ: కళ్ళ సంగతి సరే, బ్యాలెన్స్ మాటేమిటి? ఆరో తరగతి పిల్లల్ని కళ్ళు మూసుకుని ఒంటికాలి మీద నిలబడమంటే, తూలిపోయి పక్కవాడి భుజం పట్టుకుంటున్నారు. లోపలి చెవి, కళ్ళు, కీళ్ళు, కండరాలు అన్నీ కలిసి పనిచేస్తేనే నిలకడ. పరిగెత్తి, దూకి, పడి లేస్తేనే అది కుదురుతుంది. తొమ్మిదో తరగతి నుంచి పన్నెండు దాకా రోజూ ఒక ఆటల పీరియడ్ ఉండాలని సీబీఎస్ఈ 2018లోనే చెప్పింది. మా టైంటేబుల్లోనూ ఉంది. ఆ టైంకి నన్ను సెలవులో ఉన్న టీచర్ క్లాసుకి పంపుతారు.

మారతహళ్ళి అమ్మ: మా స్కూల్లో కళ్ళజోడు ఉందని పాపని త్రోబాల్ ఆడనివ్వకుండా స్కోరు రాయమన్నారు సార్.

సర్జాపుర పీఈటీ: అద్దం పగిలితే మమ్మల్నే అంటారమ్మా. స్ట్రాప్ కట్టించి పంపండి.

బెళ్ళందూరు నాన్న: అంత బెంగ ఉంటే సాయంత్రం మీరే పార్కుకి తీసుకెళ్ళండి. అదీ స్కూల్ పనేనా?

మారతహళ్ళి అమ్మ: ఎప్పుడు తీసుకెళ్ళమంటారు? స్కూల్ బస్సు పొద్దున్న ఏడింటికి. రింగ్ రోడ్ ట్రాఫిక్ దాటి నేను ఇల్లు చేరేసరికి ఏడున్నర. ఎండ ఉన్నంతసేపూ పిల్ల స్కూల్లోనే ఉంటుంది. ఆ ఎండ స్కూలే ఇవ్వాలి. తల్లి ఇంట్లో ఉంటేనే పిల్లకి ఆట దొరకాలా?

బెళ్ళందూరు నాన్న: మిమ్మల్ని ఉద్యోగం మానమనలేదు. నేనూ ఎనిమిదికే వస్తాను. మాకు ఊళ్ళో సెంటు భూమి లేదండీ. వాడికి నేనిచ్చేది చదువొక్కటే. ఆ గంట పోతే రేపు సీటు ఎవరిస్తారు?

మారతహళ్ళి అమ్మ: మీ భయం నాకూ ఉంది. కానీ తైవాన్‌లో 2010 నుంచి పిల్లలు రోజుకు 120 నిమిషాలు ఆరుబయట ఉండాలని స్కూళ్ళ ద్వారానే చేయిస్తున్నారు. దేశాల వారీగా పిల్లల చదువుని పోల్చే పీసా పరీక్షల్లో, 2022లో లెక్కల్లో వాళ్ళది ప్రపంచంలో మూడో స్థానం.

బెళ్ళందూరు నాన్న: శనివారం వస్తాను. బేస్‌మెంట్ బదులు గ్రౌండ్ అడగండి, నేనూ అడుగుతా. లెక్కల పీరియడ్ తగ్గించమంటే మాత్రం ఒప్పుకోను.

సర్జాపుర పీఈటీ: ముందు గ్రౌండ్‌లో బస్సులు తీయించమనండి.