‘పథేర్ పాంచాలి’లో పాంచాలి ఎవరు?

విభూతిభూషణ్ బంద్యోపాధ్యాయ్ రాసిన బెంగాలీ నవల ‘పథేర్ పాంచాలి’ గురించి గుంపులో ఒకరు అడిగారు: “నవల మొత్తం చదివాను. అపూ, వాడి అక్క దుర్గ, వాళ్లమ్మ సర్వజయ, ముసలి మేనత్త ఇందిర్, అందరూ ఇంకా కళ్లముందే ఉన్నారు. ద్రౌపది మాత్రం ఎక్కడా రాలేదు. మరి పాంచాలి అని పేరెందుకు పెట్టినట్టు?”

తెలుగులో చదివినవాళ్లకి ఈ అనుమానం రావాల్సిందేనండీ. ఇదంతా మన సున్న తెచ్చిన చిక్కు. బెంగాలీలో ఇవి రెండు వేరే మాటలు. ద్రౌపది పేరులో ‘ఞ్చ’ గట్టిగా పలుకుతుంది. నవల పేరులో ఉన్నది చంద్రబిందువు, అంటే మన అరసున్న. దాన్ని పాఁచాలి అని రాయాలి. మనకి అరసున్న పాత పుస్తకాల్లో మిగిలింది గానీ నోట్లో లేదు. వాళ్లు మాత్రం ఇప్పటికీ ముక్కుతో పలుకుతారు. మనం దాన్ని నిండు సున్న చేసేసరికి ద్రౌపది వచ్చి కూర్చుంది.

పథేర్ అంటే ‘దారి యొక్క’ అని. పాఁచాలి అంటే కథని పాటగా చెప్పే పద్ధతి. కృత్తివాసుడి బెంగాలీ రామాయణానికి ‘శ్రీరామ్ పాఁచాలి’ అనే పేరుంది. పయార్ అనే ఛందస్సులో, పాదానికి 14 అక్షరాలు, 8 దగ్గర చిన్న ఆగు, రెండేసి పాదాలకి ప్రాస. మన ద్విపద గుర్తొస్తోంది కదా! గణాల లెక్క వేరే, చేసే పని ఒకటే: కథ ఆగకుండా నడవాలి, విన్నవాళ్లకి నోటికి రావాలి. రంగనాథ రామాయణం మనకెలాగో అది వాళ్లకలాగ.

ఇళ్లలో ఎక్కువగా వినిపించేది లక్ష్మీ పాఁచాలి. ప్రతి గురువారం ఆడవాళ్లు పీట వేసి, ముగ్గు పెట్టి చదువుతారు. బెంగాలీలో గురువారాన్ని లక్ష్మీబార్ అని కూడా అంటారు. మన ఉత్తరాంధ్రలో లక్ష్మీవారమే! విశాఖలో కనకమహాలక్ష్మి గుడి దగ్గర మార్గశిర లక్ష్మీవారాల రద్దీ చూసినవాళ్లకి ఈ చుట్టరికం వేరే చెప్పక్కర్లేదు.

ఆ పాఁచాలి ఎలా మొదలవుతుందంటే, పున్నమి రాత్రి వైకుంఠంలో లక్ష్మీనారాయణులు కబుర్లు చెప్పుకుంటూ ఉంటారు. నారదుడు వచ్చి, అమ్మా, భూలోకంలో జనం తిండి లేక అల్లాడుతున్నారు, నువ్వెందుకు పట్టించుకోవు అని అడుగుతాడు. ఇప్పుడు నవలలో అపూ నాన్న హరిహరుడి ఇల్లు తలుచుకోండి. పౌరోహిత్యం మీద నాలుగు డబ్బులు రావు, బియ్యం ఎప్పుడు నిండుకుంటాయో తెలీదు. పక్కింటివాళ్ల తోటలో పళ్లు ఏరుకొచ్చిందని దుర్గ దెబ్బలు తింటుంది. మధ్యాహ్నాలు సర్వజయ కాశీరామ్ దాస్ బెంగాలీ భారతం చదువుతుంటే అపూ కర్ణుడి రథచక్రం భూమిలో దిగబడిన చోట కళ్లనీళ్లు పెట్టుకుంటాడు. తర్వాత వెదురు బద్ద పట్టుకుని తుప్పల్లో తనే యుద్ధం చేస్తాడు. ఆకలీ, కథా రెండూ ఆ ఇంట్లోనే ఉన్నాయి. పాఁచాలికి కావలసిన సరుకు అదే.

ఇక నేను చెప్పదలుచుకున్నది. ఇళ్లలో చదివే ప్రతి పాఁచాలికీ ఒక దేవత ఉంటుంది. లక్ష్మి, శని, సత్యనారాయణుడు. విభూతిభూషణ్ 1929లో అచ్చయిన ఈ పుస్తకంలో ఆ పీట మీద దారిని కూర్చోబెట్టాడు. ఇది నా ఊహ కాదు. చివరి పేజీలో ఆయనే ఆ దేవతని మాట్లాడిస్తాడు. తండ్రి కాశీలో పోయాడు, తల్లి ఒక డబ్బున్నవాళ్లింట్లో వంటమనిషి, అపూకి సొంతూరు నిశ్చిందిపూర్ వెళ్లిపోవాలనుంది. అప్పుడు దారి దేవత చిరునవ్వుతో, పిచ్చివాడా, నా దారి మీ ఊరి వెదురుపొదల దగ్గర అయిపోలేదు, పద ముందుకి అంటుంది. ఆ మాట చదివాక పేరు చూస్తే అందులో ఒక్క అక్షరం కూడా అలంకారానికి పెట్టింది కాదని తెలుస్తుంది.

ఈ దేవత లక్ష్మిలాగ అడిగినవాళ్లందరికీ ఇవ్వదు. నన్ను ఎక్కువ బాధపెట్టింది అదే. సత్యజిత్ రాయ్ ఈ నవలని తీసిన 1955 సినిమాలో అక్కాతమ్ముళ్లు రెల్లులో పడి రైలు కోసం పరిగెత్తడం అందరికీ గుర్తే. నవలలో వాళ్లు ఒకసారి బయల్దేరి, దారి తప్పి, రైలు చూడకుండానే ఇంటికొస్తారు. తర్వాత జ్వరంతో మంచంలో ఉన్న దుర్గ తమ్ముణ్ణి అడుగుతుంది, నాకొకరోజు రైలు చూపిస్తావా అని. చూపించే రోజు రాదు. ఆ ఇద్దరిలో ఊరొదిలి రైల్లో వెళ్లేది అపూ ఒక్కడే.

ఒక వ్యాఖ్య: “అయితే తెలుగులో ‘దారి పాట’ అంటే సరిపోతుంది కదా?”

నాకు చాలదనిపిస్తుంది. దారి పాట అంటే బండివాడో బాటసారో నడుస్తూ పాడుకునేది అనుకుంటాం. పాఁచాలి గడప లోపల, దీపం పెట్టాక, పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని చెప్పేది. గడప లోపలి పాటని గడప బయటి దారికి కట్టడంలోనే ఈ పేరు బలముంది. ‘దారి వ్రతకథ’ అంటే అర్థం దగ్గరకొస్తుంది గానీ పాట పోతుంది. ‘దారి ద్విపద’లో పాట ఉంది, ఇల్లు లేదు. ప్రస్తుతానికి పాత పేరే ఉంచి అరసున్నతో ‘పథేర్ పాఁచాలి’ అని రాద్దామంటాను.

మీ ఇళ్లలో లక్ష్మీవారం కథని చదవడం కాకుండా రాగం తీసి పాడేవాళ్లుంటే, ఆ పాటని మీ వైపు ఏమంటారో ఇక్కడ రాయండి. పాట అని కాకుండా దానికో సొంత పేరుంటే, ఈ నవలకి తెలుగు పేరు దొరికినట్టే.